అటెన్షన్‌లో నిలబడ్డ పోతరాజు

ఆ రోజుల్లో మా మెదక్‌లో ఒక మాట బస్టాండు దగ్గర పుట్టి మా వీధికి చేరేసరికి దానికి మీసాలు మొలిచేవి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కనుక మీసాలతోనే పుడుతోంది, అంతే తేడా. మా తమ్ముడి సంగతే చూడండి. మొన్న వాడు మిలటరీ నుంచి పెన్షన్ మీద ఇంటికి వచ్చాడని ఫంక్షన్ హాలులో సన్మానం చేశారు. శాలువా కప్పారు, సంతోషం. కానీ మైకు పట్టుకున్న ప్రతివాడూ వాడి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకాయన, "చపాతీలు తినలేక ట్రైనింగుల నుంచి పారిపోయొచ్చిండు, మల్ల బుద్ధొచ్చి పోయిండు" అన్నాడు. ఇంకొకాయన, ఎవరో పెద్ద లీడరు ఫోను కొడితే మళ్ళీ చేర్చుకున్నారన్నాడు. మూడో ఆయన మరీ ముందుకుపోయి, వాళ్ళక్క మిలటరీ దవాఖాన గేటు ముందు ధర్నాకు కూర్చుందన్నాడు. (ఆ అక్కను నేనే. ముందు వరుసలోనే ఉన్నాను. నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది?) నేను లేచి మైకు ఇమ్మంటే, "టైం లేదు మేడం, భోజనాలు చల్లారుతున్నయ్" అన్నారు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఇక్కడ చల్లారేందుకు భోజనాలు లేవు.

మొట్టమొదట, వాడు పారిపోలేదు. వాణ్ణి పంపించేశారు. డాక్టర్లు పరీక్ష చేసి, మానసికంగా మిలటరీకి పనికిరాడని తేల్చి పంపించారు. ఎందుకలా తేల్చారో అర్థం కావాలంటే మా ఇంటి పోతరాజు సంగతి తెలియాలి.

మా వీధి అమ్మవారికి బోనాలు తీసినప్పుడు ఊరేగింపు ముందు ఆడే పోతరాజు మా ఇంట్లోంచే లేవాలి. తాత ఆడాడు, తర్వాత బాపు ఆడాడు, బాపు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి తమ్ముడు. ఒంటినిండా పసుపు, ఎర్ర బట్ట, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. డప్పు మోగిందంటే వాడికి శిగం వచ్చేది. పూనకాన్ని మేం శిగం అంటాం. ఏడాది పొడుగునా గోడమీది బల్లిని కూడా "జర పక్కకు జరుగు" అని అడిగేటంత మెత్తని మనిషి, ఆ ఒక్క ఆదివారం నలుగురు పట్టుకున్నా ఆగేవాడు కాదు. సాయంత్రం పసుపు కడుక్కుంటూ, "నేనేమన్న ఎక్కువ జేసిన్నా అక్కా?" అని అడిగేవాడు. ఏమీ గుర్తుండేది కాదు.

అటువంటివాడు మిలటరీలో చేరాడు. ఉత్తరాన ఎక్కడో చలి ఊళ్లో ట్రైనింగు. పరుగు, తుపాకీ, చపాతీ, అన్నీ బాగానే నడిచాయి. (చపాతీలు వాడికి ఇష్టం. ఇది కూడా రాసుకోండి.) ట్రైనింగు ముగింపు పరేడుకు రిహార్సలు పెట్టారు. ఆ రోజు బ్యాండు వాళ్ళు మొదటిసారి పెద్ద డ్రమ్ములెత్తుకున్నారు. అందరి కాళ్ళూ లెఫ్ట్ రైట్ అన్నాయి. మావాడి కాళ్ళు మాత్రం మెదక్ వచ్చేశాయి. వరుస దాటి బయటికొచ్చి, రైఫిలును కొరడాలా తిప్పుతూ, డ్రిల్లు నేర్పే ఉస్తాద్ చుట్టూ ఆడడం మొదలుపెట్టాడు. ఆ ఉస్తాద్ అరిస్తే చెట్లమీద పక్షులు కూడా లైనులో కూర్చునేవట. ఆ రోజు మాత్రం ఆయనే కదలకుండా నిలబడ్డాడట.

దవాఖానలో డాక్టరు ఏమైందని అడిగాడు. ఎండదెబ్బ అంటే సరిపోయేది. తలతిరిగింది అన్నా సరిపోయేది. మావాడికి అబద్ధం చేతకాదు.

"అమ్మోరు వచ్చింది సార్."

"ఎక్కడికి?"

"నా మీదికి సార్."

"ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?"

"ప్రతి ఏడూ వస్తది సార్. మా బాపుకు వస్తుండె, మా తాతకు గూడ వస్తుండె."

దాంతో జబ్బు వంశపారంపర్యమని కూడా తేలిపోయింది.

వాడు ట్రంకు పెట్టెతో దిగేసరికి మీసాల మాట వాడికంటే ముందే ఇంటికొచ్చి కూర్చుంది. మా వీధి మొగదల పంచర్ల దుకాణం చిచ్చా ఉండేవాడు. మంచి మనిషే, కానీ నాలుక సైకిలు ట్యూబులాగా సాగేది. "ఏం మిలటరీ, బార్డరు గింత జల్దీ ఖతమైందా?" అన్నాడు మొదటి రోజే. తర్వాత వాడు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు స్కూటరు సీటుమీద దరువు వేసేవారు. మావాడు బయటికి పోవడం మానేశాడు. కానీ పొద్దున్నే లేచి దుప్పటిని ఇస్త్రీ చేసినట్టు మడిచి, బూట్లకు పాలిషు పెట్టి, ఎక్కడికీ పోకుండా మంచం పక్కన కూర్చునేవాడు. పనిలేని బూట్లు అంతగా మెరవడం నేను చూడలేకపోయాను. ఒకరోజు వాడే అన్నాడు, "అక్కా, నేను పిచ్చోణ్ణి గాదే. నాకు మల్ల పోవాలనున్నది." ఆ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. మళ్ళీ చేరాలంటే వీడి బుద్ధి సక్రమంగానే ఉందని మిలటరీ డాక్టరే ఒప్పుకోవాలి.

నేనప్పుడు బీఏ ముగించి ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. నాతో వాదనకు దిగిన కూరగాయలావిడ తూకం పక్కనపెట్టి దండం పెట్టేదని మా వీధిలో అనుకునేవారు. (అబద్ధం. దండం పెట్టలేదు, కొత్తిమీర ఊరికే ఇచ్చింది.) తిరిగి తిరిగి అడిగితే పట్నంలోని మిలటరీ దవాఖానకు రమ్మన్నారు, ఇంటి మనిషినొకరిని వెంట తెమ్మన్నారు. బాపు, "నాకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. నువ్వే పో బిడ్డా, నీకు ఏ భాషలనన్న కొట్లాడ వస్తది" అన్నాడు. మా బాపమ్మ, అంటే బాపుకు తల్లి, అడ్డంపడింది. "అమ్మోరిని రోగమన్నోళ్ళ కాడికి పిలగాన్ని మల్ల ఎందుకు తోలాలె? గా డాక్టరుకే సూది ఎయ్యమను" అంది. ఆమెను దాటుకుని నర్సాపూర్ మీదుగా పోయే మొదటి బస్సెక్కాం.

డాక్టరు నెరిసిన జుట్టు కర్నలు. నెమ్మది మనిషి. నేను బస్సులో తయారుచేసుకున్న ఉపన్యాసమంతా ఇంగ్లీషులో అప్పజెప్పాను. "మా తమ్ముడిది పిచ్చి అయితే సార్, ఆ ఆదివారం మా ఊరంతా పిచ్చిదే. ఊరిని కూడా డిశ్చార్జి చేస్తారా?" అని ముగించాను. పక్కన తమ్ముడు నా చున్నీ కొస పట్టుకుని లాగుతున్నాడు. కర్నలు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ దేవత వస్తుందా రాదా అన్నది నేను తేల్చే విషయం కాదమ్మా. నేనడిగేది ఒక్కటే. చేతిలో తుపాకీ ఉన్నప్పుడు వస్తే, ఇతను ఆగగలడా?"

నా జీవితంలో జవాబు దొరకని మొదటి ప్రశ్న అది. కానీ నా నోరు నా కోసం ఎప్పుడాగింది? "ఆగుతాడు సార్" అంది.

"మీకెలా తెలుసు?"

"నేను ఆపుతాను."

ఆయన నవ్వలేదు, నవ్వు ఆపుకున్నాడు. మా పండగ ఎప్పుడని అడిగాడు. అది గడిచాక రమ్మన్నాడు. "ఏం జరిగినా ఉన్నదున్నట్టు చెప్పాలి. మీరు కాదు," అని తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు" అన్నాడు.

అలా మా పెరడు పరేడు మైదానమైంది. నేను పాత నూనె డబ్బా బోర్లించి కర్రలతో వాయించాను. వాడు అటెన్షన్‌లో నిలబడి కాసేపు విని, పడీపడీ నవ్వాడు. "అక్కా, నీ దరువుకు అమ్మోరు గాదు, కుక్క గూడ రాదు." నాకు రోషమొచ్చి అసలు డప్పుల మామనే పిలుచుకొచ్చాను. ఏటా మా ఊరేగింపులో ముందు వాయించేది ఆయనే. ఆయన డప్పును మంట దగ్గర కాచి, ఒక్క దెబ్బ వేశాడో లేదో, మావాడి భుజాలు కదిలాయి, మెడ వాలింది. నేను బడి గొంతుతో "సావధాన్!" అని అరిచాను. మామ చేతిలో పుల్ల కింద పడింది. తమ్ముడు మాత్రం ఊగుతూనే ఉన్నాడు.

రోజూ బడి వదలగానే అదే పని. పక్కింటావిడ, "మీ మిలటరీతోని మా బర్రె పాలిస్తలేదు" అని కొట్లాటకొచ్చింది. బర్రెకు కూడా క్రమశిక్షణ అవసరమే అన్నాను. (ఆమె నాతో చాలాకాలం మాట్లాడలేదు. బర్రె మాత్రం నాలుగు రోజులకే అలవాటుపడింది.) బాపమ్మ మంచాన్ని పెరటికి వీపు పెట్టి వేయించుకుంది. నాతో నేరుగా మాట్లాడడం మానేసి, నేనెదురుగా ఉండగానే బాపుతో చెప్పేది: "ఈ పోరికి చెప్పు, వచ్చే తల్లిని గుమ్మంల ఆపితే ఇంటికి మంచిది గాదని." నేను బాపుతో, "మీ అమ్మకు చెప్పు, మనుమడు మంచంల కూసుండి బూట్లు తుడుసుకుంటుంటే ఇంటికేం మంచిదని" అనేదాన్ని. బాపు ఇద్దరిలో ఎవరికీ ఏమీ చెప్పకుండా బీడీ ముట్టించుకునేవాడు.

వాడికి కొంచెం కొంచెంగా పట్టు దొరికింది. ముందు మెడ ఆగింది, తర్వాత భుజాలు. కాలి బొటనవేలు మాత్రం మాట వినలేదు. కానీ పెరట్లో ఒక్క డప్పు వేరు, వీధినిండా జనం మధ్య డప్పులన్నీ కలిసి మోగడం వేరు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

పండగ వచ్చింది. పోతరాజుగా ఆ ఏడు మా చిన్నాయన గజ్జె కట్టాడు. తమ్ముడు తలంటుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, బూట్లు తొడుక్కుని మా గడప ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. వీధికి రెండువైపులా జనం అమ్మవారి కోసం వచ్చారో వీడి కోసం వచ్చారో నేను చెప్పలేను. చిచ్చా పంచరు పని సగంలో వదిలేసి, చేతిలో ట్యూబుతోనే వచ్చాడు. "నిలబడడు చూడు" అంటున్నాడు పక్కవాడితో, నాకు వినబడాలనే.

డప్పులు మలుపు తిరిగాయి. తమ్ముడి బూట్ల లోపల వేళ్ళు కదలడం తోలు మీద కనబడుతోంది. పిక్కలు ఎగురుతున్నాయి. నేను పక్కన నిలబడి, పెదవులు కదలకుండా "సావధాన్, సావధాన్" అంటున్నాను. ఎప్పటిలాగే ఊరేగింపు మా ఇంటిముందు ఆగింది. అప్పుడు, ఏళ్ళ తరబడి శిగం రాని మా బాపమ్మకు శిగం వచ్చింది. కొప్పు విడిపోయింది. వేపకొమ్మ పట్టుకుని ఊగుతూ నేరుగా వాడిమీదికి వచ్చింది.

"ఎవడురా గీడ కట్టె లెక్క నిలబడ్డది?"

"నేనే తల్లీ."

"నా ముంగట ఆడేటోనివి. ఇయ్యాల నన్నొద్దంటున్నవా?"

డప్పులు ఇంకా పెరిగాయి. వాడి గడ్డం వణికింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అటెన్షన్‌లో తుడుచుకోకూడదు.

"వద్దంటలేను తల్లీ. నౌకరికి పోవాలె. గాడ నా పక్క మనిషి పానం నా చేతుల ఉంటది. గందుకే ఆగిన."

డప్పుల మామ చేతులు వాటంతటవే ఆగాయి. వీధంతా ఆగింది. బాపమ్మ పక్కావిడ బోనం కుండకు పూసిన పసుపు తీసి వాడి నుదుటికి రాసింది. "పోయి రా బిడ్డా. నీ ఎంబడి నేనుంట" అంది. అప్పుడు వాడు సెల్యూట్ కొట్టాడు. అంత నిటారు సెల్యూట్ నేను తర్వాత ఏ పరేడులోనూ చూడలేదు. చిచ్చా తల మీది టోపీ తీసి, ట్యూబు చంకలో పెట్టుకుని, "షాబాష్ బేటా" అన్నాడు. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ స్కూటరు సీటు వాయించలేదు.

కర్నలు దగ్గర తమ్ముడే మాట్లాడాడు. నేను నోరు మూసుకున్నాను. (నమ్మండి.) బూట్లలో కాలివేళ్ళు కదిలిన సంగతీ, ఏడ్చిన సంగతీ అన్నీ చెప్పాడు. చివర్న ఆయన, "వచ్చిందా మరి?" అని అడిగాడు.

"గడప దాకా వచ్చింది సార్. ఆగుమంటే ఆగింది."

కర్నలు కలం తీశాడు. ఫిట్ అన్నాడు. ఏ లీడరూ ఫోను కొట్టలేదు, ఎవరూ ధర్నా చేయలేదు. మావాడు మళ్ళీ మొదటినుంచీ, తనకంటే చిన్నవాళ్ళ వరుసలో నిలబడి ట్రైనింగు ముగించాడు. చాలా ఏళ్ళ సర్వీసు తర్వాత వాడే డ్రిల్లు నేర్పే ఉస్తాద్ అయ్యాడు. వాడు అరిస్తే పక్షుల సంగతి నాకు తెలియదు కానీ, ఇంట్లో మా బావలు మాత్రం లేచి నిలబడతారు.

ఇక నా సంగతి. డబ్బా వాయించుకుంటూ అమ్మవారితోనే వాదనకు దిగిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. అంత ధైర్యం ఎక్కడ పారేసుకున్నానో. కానీ ఆ పిల్లకు కూడా ఒక్క విషయం తేలలేదు. శిగం వచ్చినవాళ్ళ చెయ్యి వణుకుతుంది, నేను చిన్నప్పటి నుంచీ చూశాను. ఆ రోజు బాపమ్మ గొంతు ఆమెది కాదు, ఒప్పుకుంటాను. కానీ పసుపు రాసిన చెయ్యి మాత్రం వణకలేదు. నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఒకనాడు ఆకూవక్కా దంచి ఇస్తూ మెల్లగా అడిగాను. "బీయే సదివినవ్, కర్నలుతోని కొట్లాడినవ్. గంత మాత్రం తెల్వదా?" అని వక్క నోట్లో వేసుకుంది. చెప్పకుండానే కాలం చేసింది.

ఇన్నేళ్ళయినా అడుగుతూనే ఉన్నాను. నిజం చెప్పు బాపమ్మా, వాణ్ణి పోయి రమ్మన్నది అమ్మోరా, నువ్వా?