చిన్నతల్లి వండిన స్టేక్

మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో గోపాలసామి చిన్న కిరాణి, అంటే గుమాస్తా. ఆఫీసులో పెద్ద కిరాణి కుర్చీ ఖాళీ అయినప్పటి నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. తోట దొరకు స్టేకంటే, అదే ఆవు మాంసం ముక్కల వేపుడంటే, ప్రాణమని తెలిసి, మా ఆవిడ అది బ్రహ్మాండంగా చేస్తుందని ఓరోజు కోతలు కోసేశాడు. అయితే శనివారం భోజనం మీ ఇంట్లోనే అన్నాడు దొర.

మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చినా అడవిలోని కమ్యూనిస్టుల భయం పోలేదు. వాళ్లకి తిండి చేరకూడదని ముళ్లకంచె గేటు దగ్గర పోలీసులు గుప్పెడు బియ్యం కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. లోపలికి వచ్చేదాన్ని మాత్రం ఎవరూ అడగరు. అలా ఆవు మాంసం పొట్లం గోపాలసామి సంచిలో కూర్చుని దర్జాగా వంటింటికి వచ్చేసింది.

చిన్నతల్లికి ఒళ్లు మండింది. శనివారాలు వెంకన్నకు ఒక్కపొద్దు ఉండే మనిషి, ఆ రోజు గుడ్డు కూడా ముట్టదు. అలాంటిది తన వంటింట్లోకి, తనను అడక్కుండా! కాదంటే ఆ పెద్ద ఉద్యోగం తన వల్లే పోయిందని జన్మంతా దెప్పుతాడు. "అలాగే, సేత్తాను" అని ఊరుకుంది. అతను అటు వెళ్లగానే పొట్లం దొర బంగళా కుక్కలకు చేరింది.

పెరట్లో కంద తవ్వి, మందంగా కోసి, చింతపండు నీళ్లలో ఉడికించింది. జారుగా కలిపిన మైదాలో ముంచి, ఉప్పు బిస్కెట్ల పొడిలో దొర్లించి, ఎర్రగా వేయించింది. వెన్నలో మైదా వేపి, పాలు పోసి, మిరియాలు దంచి వేస్తే తెల్లటి గ్రేవీ చిక్కగా దిగింది.

దొర విస్కీ పుచ్చుకునే వచ్చాడు. నువ్వూ తినాలని గోపాలసామిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడు చూడాలి మన కిరాణి మొహం! కళ్లు మూసుకుని, లోపల గోవిందా గోవిందా అనుకుంటూ నమిలాడు. చిన్నతల్లి నవ్వాపుకుని వచ్చి, "ఇంకోటి ఎయ్యమంటారా?" అని అడిగింది. దొర ముందు వద్దనలేక తలూపాడు.

ఇంత మెత్తటి మాంసం మలయాలో తినలేదన్నాడు దొర. సోమవారానికి గోపాలసామి పెద్ద కిరాణి అయ్యాడు.

కుర్చీ ఎక్కాడే గాని అన్నం సయించలేదు. పాపం పోవాలంటే గుండు తప్పదని పెళ్లాన్ని వెంటబెట్టుకుని పెరుమాళ్ గుడికి బయలుదేరాడు. ఆ ఉంగరాల జుట్టంటే అతనికెంత మురిపెమో తోటంతటికీ తెలుసు. చిన్నతల్లికి నిజంగానే జాలేసింది. దారిలో చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

"నీ సేతి వంట తినే నాకీ పాపం తగిలింది" అన్నాడతను.

ఆమె నోరు మూసుకుంది. మంగలి కత్తి దులుపుకుని లేచాక, నున్నటి గుండుకు చల్లగా గంధం రాస్తూ మొగుడి చెవిలో చెప్పింది.

"అది కంద. మీరు తెచ్చింది కుక్కలు తినేసినాయి."