వెరోనాలో ప్రదక్షిణ

నిన్న మధ్యాహ్నం మా మామా నన్ను పిలిచి, మెట్ల కింద గదిలో ఉన్న చక్రాల కుర్చీని బయటికి తీసి తుడవమంది. సులైబియాలో తోట ఉన్న బంధువు ఒకాయన కాలు విరగ్గొట్టుకున్నాడట, దాన్ని ఆయనకు పంపించేస్తారట. కువైట్ సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇళ్ళల్లో పని చేసే మాలాంటివాళ్ళం యజమానురాలిని మామా అని పిలుస్తాం. మా ఊళ్ళో మామ అంటే మీసాలు ఉండాలి కాబట్టి, ఆ పిలుపు నోటికి రావడానికి నాకు నెల పట్టింది. రుమైథియాలోని ఈ ఇంట్లో నాకు ఇద్దరు మామాలు ఉండేవారు. ఇప్పుడున్నావిడ చిన్న మామా, ఆమె అత్తగారు పెద్ద మామా. కుర్చీ పెద్ద మామాది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. తడిగుడ్డతో చక్రాలు తుడిచి, వెనక్కి వచ్చి చూస్తే, తోసే పిడికి చుట్టిన నీలం గుడ్డ ముక్క అలాగే ఉంది. రంగు వెలిసిపోయింది కానీ ముడి మాత్రం సడలలేదు. ఆ ముడి వేసింది మా చెల్లెలు. నేను తడిగుడ్డ పక్కన పెట్టి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

మా చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. రాయచోటి దగ్గర మా ఊళ్ళో దానికి జడలు వేసింది, బడికి తోలింది, తప్పు చేస్తే వీపు మీద ఒకటి వేసింది అన్నీ నేనే. దాన్ని కువైట్‌కు తెప్పించింది కూడా నేనే. మొగుడికి పని సరిగ్గా లేక, మూడేళ్ళ కూతుర్ని అత్త దగ్గర వదిలి అదీ వస్తానంటే, చిన్న మామా స్నేహితురాలికి పనిమనిషి కావాలని తెలిసి నేను మధ్యలో మాట్లాడి వీసా తీయించాను. ‘నలుగురే మనుషులు, పని తక్కువ, హాయిగా ఉంటావు’ అని ఫోన్‌లో ధైర్యం చెప్పాను. ఆ ఇంటిని నేను కళ్ళతో చూసింది లేదు. తీరా అది రిగ్గైలోని ఆ ఇంట్లో దిగి చూస్తే మూడంతస్తులు, పదకొండు మంది, అందులో చేతికి అందేవాళ్ళ కంటే చంకనెత్తుకోవాల్సినవాళ్ళే ఎక్కువ. మొదటి నెలలో ఒకసారి ఫోన్ చేసి, “నలుగురని చెప్పినావే అక్కా” అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నా ఫోన్లు తీయలేదు.

రుమైథియా నుంచి రిగ్గైకి కారులో అరగంట. ఆ అరగంట దాటడానికి మాకు నాలుగేళ్ళు చాలలేదంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నాకు రెండు వారాలకొక శుక్రవారం సెలవు, దానికి అసలు సెలవే లేదు. ఒకసారి రంజాన్ పండగనాడు మా డ్రైవర్‌ను బతిమాలి వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. గోడలన్నీ ఒకే ఇసుక రంగు, గేట్లన్నీ ఒకే రకం. ఏ గోడ వెనక ఉందో తెలియక, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి తిరిగి వచ్చేశాను. నేను వచ్చి వెళ్ళానని దానికి చెప్పలేదు. చెబితే ఎందుకొచ్చావని అడుగుతుందేమోనని భయం.

కువైట్‌లో ఎండలు ముదిరితే ఉన్నవాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి చల్లటి దేశాలకు వెళ్ళిపోతారు. ఇంట్లో పసిపిల్లలో ముసలివాళ్ళో ఉంటే వాళ్ళతోపాటు మమ్మల్నీ తీసుకెళతారు. ఆరేళ్ళ కిందటి ఎండాకాలంలో మావాళ్ళు ఇటలీలోని మిలాన్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పెద్ద మామా మోకాళ్ళు అప్పటికే లేవనంటున్నాయి కాబట్టి చక్రాల కుర్చీ, దాన్ని తోయడానికి నేను, ఇద్దరం విమానం ఎక్కాం. అక్కడికి వెళ్ళిన రెండో వారంలో, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. చెల్లెలు. తనంతట తనే గొంతు రికార్డు చేసి పంపింది. “అక్కా, మేము గూడా ఇటలీలోనే ఉండాం. ఏందో చెరువు పక్కన దించినారు. ఆదివారం వెరోనా అనే ఊరికి పోతామంటాండారు. నీకు దగ్గరేమో చూడు.” అంతే. ఆ చెరువుకు ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనిపించదని తర్వాత తెలిసింది. నేను మాత్రం ఆ నాలుగు ముక్కలు ఎన్నిసార్లు విన్నానో, ఉల్లిపాయలన్నీ పొడుం అయిపోయాయి. కోపం పోయి పిలిచిందా, పరాయి దేశంలో బెంగ పుట్టి పిలిచిందా? అది తేల్చుకోవాలంటే మొహం చూడాలి.

చిన్న మామాను అడిగే ధైర్యం లేక పెద్ద మామాకు కాళ్ళు పడుతూ సంగతంతా చెప్పాను. ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడ, తనకు వెరోనాలోని పాత రాతి కట్టడాలు చూడాలని చిన్నప్పటి నుంచీ కోరికని కొడుకుతో చెప్పింది. ఆవిడకు రాళ్ళ మీద అంత ప్రేమ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడ మంచి దుకాణాలున్నాయని చిన్న మామా కూడా వంతపాడింది. శనివారం రైల్లో వెళ్ళి ఆదివారం మధ్యాహ్నం తిరిగి రావాలని తేలిపోయింది.

కువైట్‌లో రైలు లేదు. నేను చివరిసారి రైలెక్కింది మొదటిసారి కువైట్‌కు వచ్చేటప్పుడు, కడప నుంచి బొంబాయికి. తలుపు దగ్గర నిలబడి, ఎర్ర నేలలు వెనక్కి పోతుంటే కొంగు నోట్లో కుక్కుకున్న రైలు అది. ఈ రైలు ఎక్కేటప్పుడు ఏడుపు లేదు, తోపులాట లేదు. స్టేషన్‌వాళ్ళు ఒక యంత్రం తెచ్చి పెద్ద మామాను కుర్చీతో సహా పైకి లేపి లోపల పెట్టారు. ఆవిడ పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. నేను కిటికీ పక్కన కూర్చుని ఇక తల తిప్పలేదు. మొక్కజొన్న చేలు, పందిళ్ళకు పాకించిన ద్రాక్ష తోటలు, దూరంగా నీలం కొండలు. అన్నీ అందంగానే ఉన్నాయి కానీ, టీ అమ్మేవాడు లేని రైలు నాకు ఉప్పు లేని కూరలా అనిపించింది. ఒళ్ళో డబ్బా గట్టిగా పట్టుకున్నాను. అందులో తెల్లవారుజామున లేచి చేసిన పులుసన్నం ఉంది. వేరేవాళ్ళు పులిహోర అంటారు. కువైట్ నుంచి చింతపండు మోసుకొచ్చింది నేనే. పులుపు బాగా పట్టిస్తే రెండు రోజులైనా చెడదు. చెల్లెలికి చెనిక్కాయ గింజలు ఎక్కువ వేయాలి, లేకపోతే ముట్టదు.

వెరోనా అందమైన ఊరు. ఎర్ర పెంకుల ఇళ్ళు, ఊరిని చుట్టుకుని పోయే నది, లేత గులాబీ రంగు రాళ్ళు పరిచిన వీధులు, వందల ఏళ్ళ అడుగులు పడి నున్నబడిన మెట్లు. ఒక ఇంటి బాల్కనీ కింద జనం వరసలో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. చిన్న మామా అక్కడ అరగంట దిగింది. అవన్నీ చూస్తున్నానన్న మాటే కానీ నా మనసంతా ఊరి నడుమ ఉన్న ఆ గుండ్రటి రాతి కట్టడం మీదే. ఎప్పుడో రాజుల కాలంలో ఆటలకు, పోట్లాటలకు కట్టిందట. సాయంత్రం హోటల్‌లో చెల్లెలి కబురు వచ్చింది. “ఆ గుండ్రం కట్టడం పెద్ద వాకిలి కాడ ఉంటా అక్కా, పదకొండుకి. మా మామా అంగళ్ళకి పోతాది. నేను వాళ్ళ పాపను బండిలో తోసుకుంటా నిద్రపుచ్చాల. పన్నెండుకి ఖలాస్.” హోటల్ దాటితే ఇద్దరి ఫోన్లూ మూగవే. కాబట్టి అదే ఆఖరి మాట.

ఆదివారం పదకొండుకు ముందే పెద్ద మామాను తోసుకుంటూ వెళ్ళాను. పెద్ద వాకిలి అంది కదా, వెళ్ళి చూస్తే ఆ కట్టడానికి చుట్టూరా వాకిళ్ళే! ఒకదాన్ని మించి ఒకటి పెద్దది. దానికితోడు, అక్కడ ఎండాకాలం పాట కచేరీలు జరుగుతాయట, వాటి కోసం చేసిన ఏనుగంత బొమ్మలు, సింహాలు, స్తంభాలు చుట్టూ ఆరుబయట పడేసి ఉన్నాయి. ఇటు నిలబడితే అటు కనపడదు. సరే ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు అయింది. చెల్లెలు లేదు. రాళ్ళ మీద చక్రాలు గడగడలాడుతున్నాయి, పిడులు రాసుకుని అరచేతులు మండుతున్నాయి. రెండో చుట్టు. ఇంకొంచెం త్వరగా తోశాను. మూడో చుట్టు తిరిగేసరికి ఎక్కడో గంట కొట్టింది. పదకొండున్నర. రాలేదు. వస్తానని రాలేదు. నాకు తగిన శాస్తే అనుకున్నాను. మూడంతస్తుల ఇంట్లోకి తోసిన అక్కకు ఇంతకంటే ఏం మర్యాద దక్కుతుంది? కళ్ళ నీళ్ళు కనపడకూడదని తల వంచుకుని నాలుగో చుట్టు మొదలుపెట్టాను.

అప్పుడు పెద్ద మామా చెయ్యెత్తి ఆపమంది. “నువ్వు ఎప్పుడూ ఇటు వైపే ఎందుకు తిరుగుతున్నావు?” అని అడిగింది.

అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. “అలవాటు మామా. మా గుళ్ళల్లో దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరుగుతాం” అన్నాను.

“మేము మక్కాలో ఎడమచేతి వైపు ఉంచుకుని తిరుగుతాం” అంది ఆవిడ. “మరి నీ చెల్లెలు ఎటు తిరుగుతుంది?”

పాపను నిద్రపుచ్చాలంటే బండి ఆగకూడదు. ఆగకూడదంటే చుట్టూ తిరగాలి. తిరగాలంటే నా చెల్లెలు ఎటు తిరుగుతుంది? దానికి చిన్నప్పుడు వేలు పట్టుకుని వీరభద్రస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణ నేర్పింది నేనే కదా! “ఇది గుడీ కాదు, మసీదూ కాదు, ఉత్త రాళ్ళు. యల్లా, వెనక్కి తిప్పు” అంది పెద్ద మామా. మనసులో స్వామికి ఒక దణ్ణం పెట్టుకుని కుర్చీ తిప్పాను. గట్టిగా ఇరవై వాకిళ్ళు దాటామో లేదో, ఒక అట్ట సింహం వెనక నుంచి పిల్లల బండి తోసుకుంటూ నా చెల్లెలు ఎదురుగా వచ్చింది.

చిక్కిపోయింది. పాపిట దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. “యాడికి పోయినావక్కా? నేను అరగంట నుంచి సుట్టూ తిరగతానే ఉండా” అంది. నేనూ అదే అన్నాను. ఇద్దరం ఒకే కట్టడం చుట్టూ, ఒకే వైపు, ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతూ ఒకరి కోసం ఒకరం ఏడ్చామన్నమాట. పెద్ద మామా తన కుర్చీని పిల్లల బండి పక్కకు పెట్టమని, బండి పిడి పట్టుకుని తనే ఊపడం మొదలుపెట్టింది. “మీరు కూర్చోండి” అంది. ఆ గులాబీ రాతి మెట్టు మీద కూర్చుని డబ్బా తెరిచాను. చెల్లెలు మొదట చెనిక్కాయ గింజలు ఏరుకుంది, తర్వాత గబగబా నాలుగు ముద్దలు మింగింది. నమలడానికి టైము లేని తిండి అలవాటైన తీరు అది. చూడలేక, “నేను ఆ ఇల్లు చూడకుండానే చెప్పినా మే” అన్నాను.

“నీ మింద కోపంతో కాదక్కా, ఫోన్ తీయకుండా ఉండింది” అంది ముద్ద చేతిలోనే ఉంచుకుని. “నీ గొంతు ఇంటే ఏడుపొస్తాది. ఏడిస్తే పని ఆగిపోతాది.”

నాలుగేళ్ళు నేను మోసిన బరువును అది రెండు ముక్కల్లో దించేసింది. దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. ఎంగిలి చేత్తోనే నా అరచేయి తిప్పి చూసింది. బొబ్బలు. మెడకు చుట్టుకున్న నీలం గుడ్డ చించి కుర్చీ పిడికి చుట్టి ముడి వేసింది. అది అయ్యాక అంది, “కువైట్‌లో ఉండే ఈ ఇఖామా గడువు అయిపోతానే నేను ఇంటికి పోతాండా. నా బిడ్డ నన్ను గుర్తు పట్టేటప్పుడే పోవాల. నువ్వు గూడా రా అక్కా.”

“ఇంకొక్క ఏడాది ఉండి వస్తాలే” అన్నాను.

అది నవ్వింది. “నువ్వు ఎప్పుడూ అదే సెప్తావు” అంది. ఎక్కడో పన్నెండు గంటలు మోగాయి. లేచి, పెద్ద మామా చెయ్యి కళ్ళకు అద్దుకుని, బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. మాకు దొరికింది పాతిక నిమిషాలు. మిగతాదంతా చుట్లు మింగేశాయి.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా నేను బయటికి చూడలేదు. ఆ సంవత్సరమే చెల్లెలు ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు రాయచోటిలో చిన్న టిఫిన్ అంగడి పెట్టుకుంది. దాని కూతురు ఫోన్‌లో నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది, తెర మీద ముద్దులు పెడుతుంది. నేను ఇంకొక్క ఏడాది అంటూనే ఉన్నాను. మొదట ఇంటికి కప్పు వేయాలన్నాను, ఆ తర్వాత పెద్ద మామాను వదలలేనన్నాను. ఆవిడ పోయాక చెప్పుకోవడానికి కారణం కూడా లేకపోయింది, అయినా ఉండిపోయాను. ఊరికి వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చినప్పుడల్లా చెల్లెలు అంగడిలోనో, నేను ఆస్పత్రుల చుట్టూనో, పత్రాల చుట్టూనో. ఆ మెట్టు మీద కూర్చున్నట్టు మళ్ళీ ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నిన్న సాయంత్రం డ్రైవర్ వచ్చి కుర్చీని కారులో పెట్టాడు. అంతకుముందే ముడి విప్పి నీలం గుడ్డను నా పెట్టెలో దాచాను. చిన్న మామా వంటింట్లోకి వచ్చి, వచ్చే నెలలో నా ఇఖామా అయిపోతుందని, ఎప్పటిలాగే మళ్ళీ రాయించమంటావా అని అడిగింది. అడగడం ఆవిడ అలవాటు, తల ఊపడం నా అలవాటు. ఈసారి నా తల ఊగలేదు. “వద్దు మామా, ఖలాస్” అన్నాను. ఆవిడ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను తలెత్తి గోడ మీద గడియారం చూశాను. ఇన్నేళ్ళూ దాన్ని చూసి వంట చేశాను కానీ, దాని ముళ్ళు తిరిగేది కూడా మా ప్రదక్షిణ వైపేనని నిన్ననే గమనించాను. కాలం ఎప్పుడూ అటే పోతుంది, దాని వెంటే తిరిగినన్నాళ్ళూ నా చెల్లెలు నాకు ఒక సగం చుట్టు ముందే ఉండిపోయింది.