మీటరు మోగిన పూట

ఇబ్రహీంపట్నం బస్ డిపో దాటి సాగర్ రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే, కార్లకు సీటు కవర్లు, లైట్లు, స్పీకర్లు బిగించే రామారావు షాపు వస్తుంది. షాపు రామారావుదే అయినా, పాటల పని ఉన్నవాళ్లు వచ్చీ రాగానే అడిగేది లింగస్వామిని. మహేశ్వరం నుంచీ, కందుకూరు నుంచీ కూడా ఆయన చేయి కోసమే వచ్చేవారు.

లింగస్వామి మీసాలు రాకముందే కోఠిలో రేడియోలు బాగుచేసే దుకాణంలో చేరాడు. రేడియోలు పోయి టేపులు వచ్చాయి, టేపులు పోయి కార్లలో పాటలు వచ్చాయి. ఇక్కడ చేన్లు ప్లాట్లయి, ఇంటింటి ముందూ కారు నిలబడ్డాక సొంతూరు దగ్గరని రామారావు దగ్గర కుదురుకున్నాడు. పదిహేనేళ్లయింది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్తదైనా పాతదైనా, పెట్టె మీద ఏం రాసి ఉన్నా, ప్రతి స్పీకరునూ తన మీటరుతో కొలిచేవాడు. వచ్చిన ఓమ్‌ల లెక్కను, అంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో, తెల్ల టేపు ముక్క మీద రాసి, స్పీకరు వెనక అయస్కాంతానికి అంటించేవాడు. ఆ తర్వాతే ఏ ఆంప్లిఫయర్‌కు ఏది కలపాలో చెప్పేవాడు.

"ఓమ్‌లు తక్కువుంటే బరువు తక్కువ అనుకుంటరు. ఉల్టా. ఓమ్‌లు తగ్గినకొద్ది గుంజుడు ఎక్కువైతది. పెట్టేటోడు ఆంపు ఒక్కడే. వాని శక్తి చూడకుండ గుంజేటోళ్లను వరుసగ తెచ్చి కూసోబెడితె, వాడే కాలిపోతడు," అనేవాడు.

ఉజ్వల ఆ మాట వందసార్లు విని ఉంటుంది. లింగస్వామికి ఆమె ఒక్కతే బిడ్డ. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా తల్లి మంచాన పడి, ఆర్నెల్లకు పోయింది. ఉజ్వల మళ్లీ కాలేజీ మెట్లెక్కలేదు. మధ్యాహ్నం బాపుకు సద్ది తెచ్చి, సాయంత్రం దాకా షాపులోనే ఉండి తీగలు ఒలిచి ఇచ్చేది. నలుగురు ఉన్నచోట ఆమె గొంతు పెగలదు. కానీ ఆమె కళ్లు ఊరికే ఉండవు.

అందుకే బాపు చెవులు పోతున్న సంగతి ఆమెకే ముందు తెలిసింది. ముప్పై ఏళ్లు అద్దాలు మూసిన కార్లలో కూర్చుని పాటలు పరీక్షించిన చెవులవి. మొదట సన్నటి చప్పుళ్లు పోయాయి. పని చేయించుకున్నవాళ్లు పాట గీపెడుతోందని తిరిగి వచ్చేవారు. అప్పటినుంచి పరీక్ష వేళకు ఉజ్వల పక్క సీట్లో కూర్చునేది. చెవికి గుచ్చుకుంటే బాపు చొక్కా అంచు మెల్లగా లాగేది. ఆయన అటు చూడకుండానే మీట తగ్గించేవాడు. ఈ ఏర్పాటు గురించి తండ్రీబిడ్డలు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

"దవాఖానకు పోదాం బాపు," అని ఒకసారి మాత్రం అంది.

"నాకేమైంది? నువ్వే గొంతు గొంతులనే పెట్టుకొని మాట్లాడుతవ్. జర నోరు తెరువు," అని నవ్వాడు.

కొన్నాళ్లకు ఆమె ఇంకోటి చూసింది. బల్ల మీద మీటరు తీగల చివరి పుల్లలు రెండూ ఒకదానికొకటి తగిలి, మీటరు సన్నగా కూస్తూనే ఉంది. దాని పక్కనే లింగస్వామి చాయ్ తాగుతున్నాడు. ఉజ్వల వచ్చి మీటరు ఆపేసింది. ఆ కూత తన లోకంలో లేదని ఆయనకు తెలియదు. పోయిన చప్పుడు పోయిందని ఎవరికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? రామారావుకు తెలిస్తే బాపును ఆ బల్ల దగ్గర ఉండనిస్తాడా అన్నదే ఆమె భయం. ఆ బల్ల తప్ప ఆయనకు ఇంకేం మిగిలింది?

శ్రావణంలో ఒకరోజు సిద్ధార్థ వచ్చాడు. ప్లాట్లు అమ్మే కుర్రవాడు, వెంట ముగ్గురు దోస్తులు. వేరే కారులోంచి తీసిన రెండు పెద్ద స్పీకర్లూ, ఒక ఆంప్లిఫయరూ తెచ్చాడు.

"రెండు షాపులోళ్లు కలవయి అన్నరన్న. నువ్వు గూడ గదే అంటె ఇవి చెరువులేసి పోత," అన్నాడు.

"చెరువు ఏం పాపం చేసిందిరా," అంటూ లింగస్వామి రెండింటినీ కొలిచాడు. ఒక్కోటి రెండు ఓమ్‌లది. ఆంప్లిఫయరు చూస్తే నాలుగుకు తక్కువైతే తట్టుకోలేనిది. "పక్కపక్కన పెడితె ఒకటికి వస్తది, కాలుతది. ఒకదాని వెనక ఒకటి కలిపితె రెండు రెండ్లు నాలుగు. నీ ఆంపు హాయిగ మోస్తది."

"మస్తన్న. ఆ షాపులోళ్లకు గీ లెక్క రాలె."

ఆ మెచ్చుకోలుకు బాపు ముఖం వెలగడం ఉజ్వల చూసింది. చాలా రోజుల తర్వాత.

తీగలు తలుపు కీలు సందులోంచి లాగాడు. ఆంప్లిఫయర్‌కు కలిపేముందు చివరి పరీక్ష ఒకటుంది. మీటరు ఒక పుల్ల తీగకు, ఇంకో పుల్ల కారు ఇనుముకు ఆనించాలి. మౌనంగా ఉంటే అంతా సరి. కూసిందంటే తీగ ఎక్కడో గీసుకుని ఇనుముకు తగులుతున్నట్టు. అప్పుడిక కలిపిన లెక్కంతా వృథా, ఓమ్‌లు సున్నాకు పడినట్టే.

లింగస్వామి డాష్‌బోర్డు కిందికి తల దూర్చి పుల్లలు ఆనించాడు. మీటరు ఆయన వెనక, సీటు మీద ఉంది.

మీటరు కూసింది.

తలుపు దగ్గర సిద్ధార్థ దోస్తులు ఫోన్‌లో ఏదో చూస్తూ అడ్డంగా నిలబడ్డారు. వాళ్లకు ఆ కూత ఏమిటో తెలియదు. బాపు చొక్కా అంచు ఉజ్వలకు అందదు. కౌంటర్‌లో రామారావు ఉన్నాడు. "బాపు, మోగుతుంది," అంటే చాలు. అంటే మాత్రం, పక్కనే మోగేది ఈయనకు ఎందుకు వినపడలేదని అందరూ అడుగుతారు. ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఆయన మీటరు వైపు ఒకసారి చూస్తాడేమోనని ఎదురుచూసింది.

ఆయన చూడలేదు. పుల్లలు పక్కన పడేసి, తీగలు కలిపి, "పెట్టు పాట," అన్నాడు.

పాట రాలేదు. సీటు కింద పెట్టిన ఆంప్లిఫయరు నుంచి కమురు వాసన, ఆ వెనకే సన్నటి పొగ.

రామారావు పరుగున వచ్చి బ్యాటరీ తీగ పీకేశాడు. తలుపు ఊడదీసి, ఒలుచుకుపోయిన తీగను వేలితో పైకెత్తాడు. "ఏంటిది లింగస్వామీ? తీగ బాడీకి తగుల్తోంది. మీటరు పెట్టి చూడలేదా?"

"చూసిన సార్. మోగలే."

"మోగకుండా ఎలా ఉంటుంది?" రామారావు మీటరు తీసి అదే చోట ఆనించాడు. అది కూసింది. షాపంతా వినపడేలా కూసింది. లింగస్వామి రామారావు ముఖంలోకి చూస్తూ, అది ఎప్పుడు మోగుతుందా అని ఆగాడు.

సిద్ధార్థ దోస్తులు ఫోన్ దించి లింగస్వామి వైపు చూశారు.

లింగస్వామి మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "మోగుతుందా బిడ్డా?"

ఆమె తల ఊపింది.

"ఇందాక గూడ మోగిందా?"

ఆమె మళ్లీ ఊపింది. ఆయన కోప్పడలేదు. పుల్లలకు తీగ చుట్టి మీటరును ఆమె చేతిలో పెట్టి, చెప్పులేసుకుని రోడ్డు మీదికి పోయాడు.

రామారావు చెడ్డవాడు కాదు. "మనిషిని వదులుకోనమ్మా. సీటు కవర్లు చూసుకుంటాడు. మీటరు నువ్వు పట్టుకో. ఆయన దగ్గర నేర్చుకున్నదానివేగా," అన్నాడు మర్నాడు. ఉజ్వల మీటరు పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది.

ఇప్పుడు లింగస్వామి షాపు మూల రెగ్జిన్ కత్తిరిస్తాడు. పాత గిరాకీ వచ్చి పలకరిస్తే చెయ్యెత్తి బల్ల వైపు చూపిస్తాడు. ఉజ్వల కొలిచి టేపు మీద రాస్తుంది. మీటరు కూసినప్పుడల్లా ఆమె తల దానంతట అదే ఆ మూలకు తిరుగుతుంది. ఆయన వంచిన తల ఎత్తడు.

మొన్న ఒక పంతులు సారు కారు వచ్చింది. తలుపు విప్పితే స్పీకరు వెనక పసుపెక్కిన టేపు ముక్క, మీద బాపు రాత. ఆమె కొలిచి చూసి, ఆ ముక్కను పీకలేక అలాగే ఉంచి తలుపు మూసింది.

సాయంత్రం ఊరి బస్సులో చెప్పింది. "బాపు, ఇయ్యాల పంతులు సారు కారుల నీ చీటీ కనపడ్డది."

"ఏందీ?"

"నువ్వు రాసిన చీటీ. ఆరేండ్ల కిందిది."

ఆయనకు సగం అందింది. "ఎంత రాసి ఉండె?"

"మూడున్నర."

"ఇప్పుడెంత చూపెట్టింది?"

"గంతే."

ఆయన ఇంకా ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"మూడున్నర బాపు. నువ్వు రాసిందే వచ్చింది," అని ఉజ్వల అరిచింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. టికెట్లు కొడుతున్న కండక్టరు కూడా చూశాడు.

లింగస్వామి తల ఊపి కిటికీ వైపు తిరిగాడు. మాట చెవిన పడిందో, పెదవులు చూసి పోల్చుకున్నాడో ఆమె అడగలేదు.