మదార్ వేసిన పైపు ముక్క

తాడేపల్లిగూడెంలో పాత అంబాసిడర్లన్నిటికీ మెకానిక్ మదారే దిక్కు. షెడ్డుకొచ్చినవాళ్ళను పెట్రోలు పైపులు మార్పించందే వదలడు. "నొక్కి చూడండి, రబ్బరు ఎలా పగిలిపోయిందో! దారిలో ఏడిపిస్తుందండీ," అని ప్రాణం తీస్తాడు. నా కారుకీ అలాగే మార్పించాడు. తన కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం దీపం కింద చీకటే.

కిందటేడు ఆకివీడు దాటాక అతని అంబాసిడర్‌కి పెట్రోలు పైపు తెగింది. చుట్టూ చేపల చెరువులే గాని ఒక్క కొట్టు లేదు. చెరువు కాపలా మనిషి చేపపిల్లలకు గాలి పట్టే ప్లాస్టిక్ పైపు ముక్క ఇస్తే, ట్యాంకు దగ్గర బిగించి ఇల్లు చేరాడు. కొల్లేటి దారిలో డ్రైవర్లు చేసే పనే అది. కాకపోతే ఇంటికి రాగానే తీసి పారెయ్యాలి. పెట్రోలు తగిలితే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి చీలిపోతుంది. ఊరందరికీ ఈ సంగతి చెప్పే పెద్దమనిషి తనది రేపు, రేపు అంటూ ఏడాది గడిపేశాడు.

మొన్న వానల్లో కలిదిండి నుంచి మరదలు రేహానా ఫోన్ చేసింది. అమ్మకి ఆఖరి ఘడియలట, అక్కను చూడాలని కలవరిస్తోందట. మదార్ భార్య అజీజున్నీసాను ఎక్కించుకుని బయలుదేరాడు. ఆకివీడు దాటాక బండి ఆగిపోయింది. ఆ ముక్క నిలువునా చీలింది. వెనకాలే ఒక ఆటో వచ్చి ఆగింది. నువ్వు ఆటోలో వెళ్ళిపో అని భార్యతో అనొచ్చుగా? అనలేదు మహానుభావుడు! "ఇప్పుడే అయిపోతుంది," అన్నాడు. ఆ మాట నమ్మి ఆవిడ ఆటోను పంపేసింది.

వాళ్ళు చేరేసరికి తల్లి కన్నుమూసింది.

"ఇందాకటిదాకా గుమ్మంకేసే చూసిందక్కా," అని రేహానా బావురుమంది.

"ఇంతసేపు ఎక్కడ ఆగారు?" అని వాళ్ళన్న ఫారూఖ్ కేకలేశాడు.

మదార్ నోరు తెరిచేలోగా అజీజున్నీసా అందుకుంది. "ఎక్కడా ఆగలేదన్నయ్యా. నేనే ఇంట్లో తెమల్లేదు."

తల్లికంటే సింగారం ఎక్కువైందా అని చుట్టాల్లో ఎవరో గొణిగారు. ఆవిడ తలొంచుకుని తల్లి పాదాల దగ్గర కూర్చుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మదార్ ఇప్పుడు తన కారుకి పైపులన్నీ కొత్తవి వేస్తున్నాడు. వేస్తూ వేస్తూ ఇదంతా చెప్పి ఏడ్చాడు. జాలేసింది, ఒళ్ళూ మండింది.

"నా దగ్గర ఏడిస్తే ఏం లాభమయ్యా? కలిదిండి వెళ్ళి నిజం చెప్పు," అన్నాను.

"బయలుదేరానండీ. ఆవిడే వెళ్ళనివ్వలేదండీ. 'అమ్మ ఎలాగూ తిరిగి రాదు, మీ పనికున్న పేరైనా ఉండనివ్వండి' అందండీ."