రెండు పొయ్యిలు

పలాసలో జీడిపిక్కలు కాలే వాసన తగిలితే లెక్క గుర్తొస్తుంది: పోయినవి ఏడిళ్లు, మూడు జతల ఎడ్లు, మేం పెంచిన పన్నెండెకరాల జీడితోట. భూస్వామిని ఎదిరించి సంఘం కట్టినందుకు అవన్నీ లాక్కుని మా ఏడు కుటుంబాల మీదా కేసులు పెట్టారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశా తోటలో దాక్కున్నాం. అక్కడ సంఘం చీలింది. తిరిగెళ్లి పోరాడదామని నాన్న, ఇంకా ఆగుదామని మావయ్య. మాటలు మానేసి వేరుగా వండుకున్నారు. నాకు ఊహ తెలియని వయసు, రెండు పొయ్యిలంటే పెళ్లేమో అనుకుని నేను రెండుచోట్లా తిన్నాను.

ఒకరోజు మావయ్య ఒక్కడే పిక్కలు కాలుస్తుంటే వాటి నూనె అంటుకుని పెనం భగ్గుమంది. నల్లపొగ చెట్లు దాటి లేచింది. పోలీసులు చూస్తే అందరం దొరికిపోతాం. నాన్న బూడిద తట్టతో పరుగెత్తాడు.

"ఇద్దరి పని ఒక్కడివే సేత్తావేటి బావా?"

"నువ్వు మాటాడ్డం మానేసినావు గదా! ముందు బూడిదెయ్యి బావా!"

మంట ఆరాక ఇద్దరూ దగ్గుతూ నవ్వారు. విడిగా ఉంటే దొరికిపోతామని వాళ్లకు ఆ పొగే చెప్పిందని ఇప్పుడనిపిస్తుంది. నెల తిరక్కుండా ఏడు కుటుంబాలూ కలిసి ఊరెళ్లాం. తొమ్మిదెకరాలు సాధించాం. మిగతాదీ సాధిస్తాం, ఇంకా రావలసింది మూడెకరాలు.