అంచు మీద నా చెయ్యి

మొన్న మనవరాలి పెండ్లికని ధర్మవరంలో చీరలు చూస్తాంటే, అంగడాయన ఒక పట్టుచీర విప్పి నా ఒళ్లో వేసినాడు. నేసిన చెయ్యి ఊరికే ఉంటుందా? బొటనవేలు అంచు మీదికి పోయింది. అంతే, ముఖం కాలినట్లయింది. మనవరాలు "ఏం తాతా, రేటు చూసినావా?" అని నవ్వింది. ఔనన్నాను.

డెబ్బైల ఆఖర్లో మాట. సావుకారు పట్టునూలు ఇస్తే మేం కూలికి నేసేవాళ్లం. కూలి పెంచమని సమ్మె కట్టినాం. ముందుండి నడిపింది మా బావ, నా పెండ్లాం అన్న. ఆయన గంప పెడితే అందరూ మగ్గాల్లోని నాడెలు తెచ్చి అందులో వేసినారు. నాడె లేకుంటే అడ్డపోగు పడదు, నేత ఆగినట్లే. నేనూ వేసినాను. ఇంట్లో ఇంకొకటి ఉండాదని మాత్రం చెప్పలేదు.

మూడో వారం సావుకారే ఇంటికొచ్చి, "మా పాప పెండ్లి చీరప్పా, నీ మగ్గం మీద సగంలో ఆగిపోయింది. ఈ అంచు నీ చేతికి తప్ప ఎవరికీ రాదు" అన్నాడు. ఆకలికి లొంగింటే చెప్పుకునేదానికన్నా ఉండును. నేను పొగడ్తకు లొంగినాను, సిగ్గులేనోన్ని. జరమని కబురంపి, అందరూ సమ్మె శిబిరంలో ఉన్న పగటిపూట తలుపేసుకొని నేసినాను. మగ్గం సద్దు వినపడకుండా రేడియో గట్టిగా పెట్టేది. వేరుశనగ తెగుళ్ల గురించి అంత శ్రద్ధగా విన్న నేతగాడు మా వీధిలో నేనొక్కడినే. "మా అన్న ఆడ ఎండలో కూచోనుంటే, నీకు ఈడ జరమొచ్చెనా?" అనింది నా పెండ్లాం. నోరు మూసుకోమన్నాను.

పెండ్లీ లేదు, ఏమీ లేదు. చర్చల్లో సావుకారు ఆ చీరను అందరి ముందర పడేసి, "మగ్గాలన్నీ ఆగినాయంటిరే, ఇదెవరు నేసినారప్పా?" అన్నాడు. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు అనుమానంగా చూసుకున్నారు. నేతగానికి ఇంకొకని అంచు చేతిరాత మాదిరి తెలిసిపోతుంది. బావ అంచు తడిమినాడు. నా వైపు చూసినాడు. నా పేరు చెప్పింటే నన్ను తన్నేవాళ్లు, సమ్మె నిలిచేది. చెల్లెలి సంసారం గుర్తొచ్చిందేమో, ఇంకొకరి చెయ్యి పడకముందే చీరను పొందికగా మడిచి, "ఎవరైతే ఏమి, మనలో ఒకడే" అన్నాడు.

ఒకరినొకరు నమ్మలేక మర్నాడే పాత కూలికి మగ్గాలెక్కినాం. నేసినోడెవరో తేల్చనందుకు, సావుకారికి అమ్ముడుపోయినాడని ఊరంతా బావనే అనింది. ఆ గుంపులో నేనూ నిలబడి విన్నాను. ఆయన నేత విడిచిపెట్టి బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరినాడు. పండగలకొచ్చి మా ఇంట్లోనే తినిపోయేవాడు. ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెబుదామని నేను, ఇరవై ఏండ్లు, ఆయన కన్ను మూసేదాకా. ఇప్పుడు దినాలన్నీ ఖాళీగానే ఉండాయి, వినేవాడే లేడు.