కాకరకాయ సెలవు చీటీ

ముహమ్మద్ ఇమాం పాషా గారిని నేను మొదటిసారి చూసింది హనుమకొండ కూరగాయల అంగడిలో. కాకరకాయల రాశి ముందు పీట వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఆయన ఏదో గీస్తున్నారు. అరకిలో ఏరుకుందామని నేను వంగి ఒక కాయ మీద చేయి వేశాను.

"అమ్మా, జర ఆగుండ్రి. ఆమె ఇంక పది నిమిషాలు కూసోవాలె."

"ఎవరు?"

"మీ చేతుల ఉన్నామె."

నేను కాయను యథాస్థానంలో ఉంచాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి, కూరగాయలు అమహద్వాచకాలని వేలమంది పిల్లల చేత వల్లె వేయించిన దానిని, ఒక కాకరకాయకు అంత మర్యాద ఎందుకు చేశానో ఈనాటికీ చెప్పలేను. పాషా గారిలోని ఏకైక విశేషం ఇదే: ఆయన లెక్కలో కూరగాయలు మనుషులు. తక్కిన అన్ని విషయాలలోనూ ఆయన మీ వలె, నా వలె మామూలు మనిషే.

ఆయన ముప్పై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెను అటకెక్కించాయి. యాభై దాటిన తరువాత కూతురు మెహ్జబీన్ దగ్గర కూర్చుని కంప్యూటరు నేర్చుకుని, పిల్లల కోసం కార్టూన్లు మొదలుపెట్టారు. బెండ, దొండ, కాకర అనే ముగ్గురు అమ్మాయిలు తట్టలో నుంచి లేచి పాటలు పాడతారు. దాని పేరు తట్ట బ్యాండు. కూరగాయలు తినని పిల్లలు కనీసం వాటి పాటైనా వింటారని ఆయన ఆశ.

బొమ్మలకు గొంతులు కావలసి వచ్చాయి. డిగ్రీ చదువుతున్న ముగ్గురు పిల్లలు దొరికారు. బెండకు దీప్తి, దొండకు వినోద, కాకరకు తమన్నా. పాటలలో భాష సరిచూడడానికి నేను దొరికాను. ఆనాడు అంగడిలో ధరల పలక మీది తప్పును నేను నిలబడి దిద్దుతుండగా ఆయన చూశారట.

స్టూడియో ఒక పరుపుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. నిటారైన ఇరవై ఏడు మెట్లు. బయటి చప్పుడు రాకుండా గోడలకు నాలుగు వైపులా పరుపులే కట్టారు. అందులో అడుగుపెట్టిన వారికి పాట కంటే ముందు ఆవులింత వచ్చేది.

ఇంట్లో మాత్రం ఆయన భార్య షహనాజ్ బేగం గారికి నిద్ర కరువైంది. "మా ఇంట్ల మూడు కూరలు బంద్, అక్కా," అని ఒకనాడు నాతో మొర పెట్టుకున్నారు. "బెండకాయ కోద్దామంటే 'దీప్తి బిడ్డ ఏమనుకుంటది' అంటడు. ఇగ ఆలుగడ్డనే దిక్కు. అది గూడ బ్యాండుల చేరుతదేమోనని పరేషాన్ అయితాంది."

పాటలు వినగా వినగా పిల్లలకు బొమ్మలతో తనివి తీరలేదు. గొంతులను కూడా చూడాలన్నారు. ముగ్గురమ్మాయిలూ పచ్చని గౌనులు తొడుక్కుని పాలకుర్తి నుంచి కేసముద్రం దాకా బడుల వార్షికోత్సవాలలో పాడసాగారు. కేసముద్రంలో ఒక పెద్దాయన అభిమానంతో గోనెసంచి నిండా దొండకాయలు తెచ్చి వేదిక మీద కుమ్మరించాడు. పాషా గారు హడలిపోయి, "అరె, మెల్లగ! దెబ్బ తాకుతది!" అని అరిచారు. అవన్నీ బస్సులో మా ఒళ్ళలో కూర్చుని వరంగల్ చేరాయి.

ఆ స్టూడియోలో ఒక చట్టం ఉండేది. గొంతుకు ఏది జరిగితే బొమ్మకూ అది జరగాలి. వినోద జుట్టు కత్తిరించుకుంటే దొండకాయ తొడిమ పొట్టిదైంది. దీప్తి పళ్ళకు తీగ కట్టించుకుంటే బెండకాయ నవ్వులోనూ తీగ మెరిసింది. దీప్తికి పెళ్ళి కుదరగానే బెండకాయ వేలికి ఉంగరం వచ్చింది. కాబోయే అత్తగారు వరలక్ష్మి గారు వెంటనే ఫోన్ చేశారు.

"ఏందండీ, మా కోడల్ని బెండకాయను చేసిండ్రట?"

"లేదమ్మా. మా బెండకాయను మీ కోడల్ని చేసిన."

"అట్లయితే," అన్నారామె, "ఉంగరంల రాయి ఎర్రది. మీరు తెల్లగ వేసిండ్రు. మార్చుండ్రి."

రెండో చట్టం మరీ విపరీతమైనది. సెలవు కావలసి వస్తే అమ్మాయి అడగకూడదు. కూరగాయ అడగాలి, అదీ చీటీ రూపంలో. ఆ చీటీలు పాషా గారే రాసి, దిద్దడానికి నా దగ్గరకు తెచ్చేవారు. "గౌరవనీయులైన పాషా గారికి, బెండకాయ నమస్కరించి వ్రాయునది. రేపు నేను రాలేను."

"కారణం ఏదండీ? సెలవు చీటీలో కారణం స్పష్టంగా ఉండాలి."

"కారణం రాస్తే అది సెలవెట్లయితది, టీచరమ్మా? పంచాయితీ అయితది."

నేను ఊరుకునే మనిషిని కాను. ప్రతి చీటీ కింద ఎర్ర సిరాతో "కారణం లేదు" అని రాసి, నకలు నా ఫైలులో పెట్టుకునేదానిని.

కిందటి సంక్రాంతి దాటినప్పటి నుంచి కాకరకాయ వరుస తప్పింది. వారానికొక చీటీ. "ఇయ్యాల కాకరకు పాడబుద్ధి అయితలేదట," అని పాషా గారు తమన్నాను మధ్యాహ్నమే ఇంటికి పంపేసేవారు. ఎనిమిది పంక్తులు పాడవలసిన కాకర రెండు పంక్తులతో సరిపెట్టుకునేది. మే నెలలో, వరంగల్ రోడ్ల మీద తారు కరుగుతుండగా, కాకరకాయ మెడకు ఉన్ని మఫ్లరు వచ్చింది.

"పాషా గారూ, ఎండాకాలంలో మఫ్లరేమిటి?"

"ఆమెకు జర సలి అంటాంది."

ఆయనకు మతి తప్పిందని నిశ్చయించుకున్నాను. ముగ్గురిలో మేలైన గొంతు తమన్నాదే. దానిని మూలన కూర్చోబెట్టడం అన్యాయమని మనసులో కోపం కూడా పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు కంపెనీ నుంచి రాకేష్ అనే యువకుడు వచ్చాడు. టీవీ కోసం పన్నెండు పాటలు కావాలన్నాడు. ముగ్గురు పిల్లలూ పరుపుల గోడలకు ఎగిరెగిరి గుద్దుకున్నారు. ఆ సంబరం వారం నిలవలేదు. తమన్నా గొంతులో చిన్న కాయ ఉందనీ, ఆపరేషన్ చేయాలనీ, తరువాత మూడు నెలలు పాట సంగతి అటుంచి మాట కూడా కూడదనీ దవాఖానలో చెప్పారు.

రాకేష్ తేలికగా తీసుకున్నాడు. "ఇంకో అమ్మాయిని పెట్టండి సార్. బొమ్మే కదా! గొంతు మారితే పిల్లలకు తెలుస్తుందా?"

"పిల్లల సంగతి నాకు తెల్వదు. కాకరకు తెలుస్తది."

"సార్, జోకులొద్దు. ఆదివారం మీ ప్రోగ్రాం చూస్తాను. ముగ్గురూ పాడితేనే అగ్రిమెంటు. లేదంటే వేరేవాళ్ళను చూసుకుంటాం."

ఆపరేషన్ జరిగింది. ఆదివారం దగ్గర పడింది. పాషా గారు ఎవరినీ వెతకలేదు. శుక్రవారం నాడు నేను ఆ ఇరవై ఏడు మెట్లూ ఎక్కి, ఊపిరి కూడదీసుకుని, తరగతి గదిలో వాడే గొంతు తీశాను.

"మీ చాదస్తానికి ఒక హద్దు ఉండాలి! ఒక కాకరకాయ కోసం దీప్తి, వినోదల అవకాశం కూడా పోగొడతారా?"

ఆయన తల గోక్కున్నారు. జవాబు మూల నుంచి వచ్చింది. తమన్నా అక్కడ కూర్చుని ఉంది. మెడకు ఉన్ని మఫ్లరు, చేతిలో పలక. ఆ అమ్మాయి గబగబా రాసి నా ముందు పెట్టింది.

"మేడం, నాకు ఆరు నెలల నుంచి నొప్పి. చెప్తే తీసేస్తరని ఎవ్వరికి చెప్పలే. పాషా చాచాకు గూడ చెప్పలే."

తుడిచి మళ్ళీ రాసింది. "కాకర చెప్పింది."

ఇంకోసారి తుడిచింది. "దవాఖానకు కాకర పోతానంటాంది, ఒక్కతె భయపడుతాంది, నువ్వు జర తోడు పో అన్నడు చాచా."

నేను ఇంటికి వచ్చి ఫైలు తెరిచాను. బెండకాయ రాలేనన్న రోజు దీప్తికి తప్పిన పరీక్ష మళ్ళీ ఉంది. ఫలితాలు వచ్చే దాకా ఆ సంగతి ఆమె సిగ్గుతో మా అందరి దగ్గరా దాచింది. దొండకాయ పదిరోజులు కనబడనప్పుడు వినోద ఇంట్లో తల్లికి సుస్తీ. కాకరకాయ చీటీలు పంతొమ్మిది. ఏ పిల్లా నోరు తెరిచి అడగలేదు. అన్నింటి కింద నా ఎర్ర సిరా వెలుగుతోంది: కారణం లేదు, కారణం లేదు, కారణం లేదు.

మరునాడు ఆయనను నిలదీస్తే నేల చూపులు చూశారు. "ఏం లేదు, టీచరమ్మా. కూరగాయలు జర నాజూకు. వాడిపోకముందే చూసుకోవాలె."

ఆదివారం వేదిక మీద ముగ్గురూ నిలబడ్డారు. వెనుక తెర మీద కాకరకాయ చేతిలోనూ పలకే. కాకర పంక్తి రాగానే తమన్నా దానిని రాసిన పలకను పైకెత్తింది. మూడు వందల మంది పిల్లలు దానిని చదివి, పైకప్పు అదిరేలా పాడారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు వాక్యాన్ని ఒక్క పొల్లైనా వదలకుండా చదవడం నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. రెండో పాటకు వాళ్ళు "కాకరక్కా, పలక ఎత్తు!" అని అరవసాగారు. మూడో పాటకు రాకేష్ కూడా పాడాడు, అపశ్రుతిలో.

"సార్, మూడు నెలలు పలకే ఉంచండి," అన్నాడు దిగి వస్తూ. అగ్రిమెంటు మీద కాకరకాయ చేత కూడా సంతకం పెట్టించాలని పాషా గారు పట్టుబట్టగా, దాని తరఫున తమన్నాయే పలక దించి సంతకం చేసింది.

నాలుగు నెలలకు తమన్నా గొంతు తిరిగి వచ్చింది, కొద్దిగా బొంగురుగా. పాషా గారు మురిసిపోయారు. "కాకరకు గిట్లుంటెనే అందం. ఇన్నొద్దులు మరీ తియ్యగ పాడింది."

కిందటి వారం ఆయన మా ఇంటికి వచ్చారు. చేతిలో కొత్త బొమ్మ: సొరకాయ. కళ్ళద్దాలు, నేత చీర, జేబు లేకపోయినా ఎక్కడో దోపుకున్న ఎర్ర కలం.

"తట్టల కొత్త మేడం చేరింది, టీచరమ్మా. చానా గట్టి మనిషి."

"కనబడుతూనే ఉంది."

"కానీ ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఎవ్వరికి చెప్పదు. పదమూడో మెట్టు కాడ ఆగి కరెంటు మీటరు చదువుతున్నట్టు నటిస్తది."

నేను కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాను. గేటు బయట ట్రాలీ ఆటో ఆగి ఉంది. దానిపై నాలుగు పరుపులు, వాటిపైన కదలకుండా పట్టుకుని కూర్చున్న ముగ్గురమ్మాయిలు.

"అందుకని రేపటి సంది రికార్డింగ్ మీ ముందర గదిల పెట్టుకుంటం. గా మెట్ల కాడికి రాలేనని సొరకాయ మేడం సెలవు చీటీ ఇయ్యాలె గదా! ఆమెకు అలవాటు లేదు. ముప్పై నాలుగేండ్ల నౌకరీల ఒక్క సెలవు పెట్టలేదట. జర మీరే రాసియ్యుండ్రి."

నేను కాగితం తీసుకున్నాను. "గౌరవనీయులైన పాషా గారికి, సొరకాయ నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ తరువాతి పంక్తి దగ్గర కలం ఆపాను.

పాషా గారు ముందుకు వంగి, బతిమాలుతున్నట్టు అన్నారు: "కారణం మాత్రం రాయకుండ్రి, టీచరమ్మా."